వలకన్ను

డాబాగార్డెన్స్‌లో చిన్న ప్రకటనల కౌంటర్ నాది.
పదిహేను మాటలకి ఒక రేటు,
ఆపైన మాటకింత.
ముప్ఫయ్యొక్క ఏళ్ళు ఎర్ర పెన్సిల్‌తో
ఊరి గోడు లెక్కపెట్టాను.

"మా ప్రియమైన" అని మొదలెట్టేవాళ్ళకి
నెమ్మదిగా చెప్పేవాణ్ణి:
ప్రియం కాకపోతే వెతకరు కదండీ,
అది కొట్టేద్దాం.

ఇంటికెళ్ళి మాత్రం
నాలుగొందల పేజీల నవల రాసేవాణ్ణి.
మొదటి అధ్యాయం అంతా వానే.
అటక మీద చెదలు దాన్ని
నాకన్నా శ్రద్ధగా చదివాయి.

ఒక అక్టోబరు.
హార్బర్‌లో ఎత్తిన తుఫాను సూచిక దించేసి తొమ్మిది రోజులు.
జాలారిపేట నుంచి చోడిపిల్లి నూకాలు వచ్చింది.
చెంగు ముడిలో తడి నోట్లు,
నోటినిండా మాటలు:
నీలం గళ్ళ లుంగీ, కుడిచేతి మీద పచ్చబొట్టు,
తాగితే పాడతాడు, తాగకపోతే మాటాడడు,
ఎల్లేముందు వల చిరిగిందని కేకలేసినాడు బావూ,
అల్లీమన్నాడు, నాను అల్లనేదు...

అరవై నాలుగు.
పెన్సిల్ తీశాను.
లుంగీ పోయింది. పచ్చబొట్టు పోయింది.
పాట దగ్గర మాత్రం
నా చెయ్యి కొంచెం ఆలస్యం చేసింది.

ఆవిడ పెన్సిల్నే చూస్తూ ఉంది,
పీత ఎటు నడుస్తుందో చూసినట్టు.
"ఇయన్నీ ఆడికి తెలుసు గదా," అంది.
"ఆడికి తెలీంది ఒకటే."
పెనిమిటి పేరు పలకడానికి
గుమ్మం వైపు ఒకసారి చూసి
చెప్పింది. రాసుకున్నాను:

        పరసయ్యా, వల అల్లేసినాను.

'అల్లేశాను' అని దిద్దబోయి
ఆగాను.
ఆ 'సి'లో ఉప్పుంది.

రసీదు రాస్తుంటే అడిగాను,
వల అల్లడంలో కష్టమేంటని.
"కన్నే బావూ. కన్ను మరీ సిన్నదైపోతే
నీల్లే బరువు. లాగనేం."

ఆ రాత్రి అటకెక్కి చూశాను.
నా నవలకి కళ్ళే లేవు.
అది వల కాదు, దుప్పటి.

అప్పట్నుంచీ బస్సు టికెట్ల వెనక రాస్తున్నాను.
కాంప్లెక్స్ దగ్గర మొదలెడితే
జగదాంబ దగ్గర దిగేలోపు అయిపోవాలి.
చాలాసార్లు అవదు. టికెట్ పారేస్తాను.
ఒక్కోసారి, ఒక్కటి,
దిగిపోయాక కూడా నా వెనకే నడుచుకుంటూ వస్తుంది.

మూడు ఆదివారాలు పడింది ఆవిడ ప్రకటన.
నాలుగోసారి వచ్చి,
"పేరు తీసెయ్యి బావూ," అంది.
రెండు మాటలకైనా అదే రేటమ్మా,
పైసా తగ్గదన్నాను.
"తెలుసు.
పేటలో ఇంకా పదకొండు మంది రానేదు.
ఆల్ల పెల్లాలు కూడా సదివించుకుంటారు."

ఆ ఆదివారం
అమ్మకానికున్న స్కూటర్‌కీ
అద్దెకిచ్చే మేడగదికీ మధ్య
రెండు మాటలు.
చుట్టూ నాలుగు లైన్ల తెలుపు వదిలాను.
దానికి రసీదు లేదు.
మేనేజరు నా జీతంలో కోశాడు.
కోసుకోనీ.