పదిహేడో పేజీ

నా దగ్గర నెత్తురు ఎర్రగా ఉండదు.
రంగులు వేసేది ఇంకొకరు, గ్లాస్గోలో.
నా బల్ల మీద నెత్తురూ, జుట్టూ, టే నది మీది రాత్రీ
ఒకే సీసాలోంచి వస్తాయి.
కుంచె ముంచితే అన్నీ నలుపే.

డండీలో, పెర్త్ రోడ్డు మీద,
రొట్టెల కొట్టు పైన మూడో అంతస్తు.
తెల్లారకముందే కింద వెన్న కాగుతుంది.
కిటికీ అవతల సముద్రం పంపే మంచు.
దాన్నిక్కడ హార్ అంటారు.
మా కథానాయిక పేరూ అదే,
హారంలో సున్నా రాలిపోయిన పేరు.
పొగమంచై తాళం కన్నంలోంచి దూరిపోగలదు.
వయసు యాభై రెండు. మోకాళ్ల నొప్పులు.
అట్ట మీద చిన్న గుండ్రంలో
పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లకే అని ఉంటుంది.

పదిహేడో పేజీ వచ్చింది.
ఫెర్గస్ ఆఖ్టర్‌లోనీ రాశాడు:
"నాలుగు గడులు. వాడి దవడ విరుస్తుంది.
పళ్లు గాల్లో. మొహమాటపడొద్దు."

మొహమాటం నాకెప్పుడు?
మూడో సంచికలో పేగులు గీశాను,
మల్లెలు గుచ్చినంత ఓపిగ్గా.
బాగా అమ్ముడుపోయింది.
సంతకం కోసం వచ్చిన కుర్రాడు
ఆ పేజీనే తెరిచి పట్టుకున్నాడు.
ఆమె ఎందుకు ఏడ్చిందో చెప్పే పేజీలు
ప్రెస్సులో అంటుకున్నవి అంటుకున్నట్టే ఉన్నాయి,
విడదీయనేలేదు.

నిన్న కింది అంతస్తు మెయిరీ వచ్చింది.
ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసి, కళ్లు ఉబ్బి.
పెన్సిలు గీతలు చూసి నవ్వింది.
"దవడ విరిగినవాడు అరవడు. అరవలేడు.
పేరు అడిగితే చెప్పబోతాడు,
మనకి అర్థం కాకపోతే సిగ్గుపడతాడు.
తర్వాత ఆరువారాలు గొట్టంతో సూప్."
కప్పు కడిగి, బోర్లించి వెళ్లిపోయింది.

ఆ సిగ్గుని ఏ గడిలో పెట్టను?

మా తాత యక్షగానాల్లో తెర పట్టేవాడు.
ఎన్నడూ వేషం కట్టలేదు,
ఆ గుడ్డ కొస పట్టుకోవడమే ఆయన విద్య.
తెర మీదుగా ఒక్క జడ పడేది,
పందిరి పందిరంతా ఊపిరి బిగబట్టేది.
అదే పందిట్లో, రెండో జాములో,
హాస్యగాడు పచ్చి బూతు విసిరినా
అమ్మలక్కలు ఒక్కరూ లేచిపోలేదు.
ఎంతసేపు పట్టాలో, ఎప్పుడు దించాలో
ఎలా తెలుస్తుంది తాతా అంటే
"చేతులు లాగుతాయి" అనేవాడు.
అంతకంటే చెప్పలేదు.

మొదటి గడి: పిడికిలి.
రెండు, మూడు: మంచు. ఉత్త కాగితం తెలుపు.
నాలుగు: కట్టు కట్టిన మూతి కింద పలక,
దాని మీద పేరులో సగం.

ఫోనులో ఫెర్గస్ చాలాసేపు మాట్లాడలేదు.
"మోసం చేశామంటారు" అన్నాడు చివరికి.
అనొచ్చు. నాకూ అనుమానమే.

అసలు గొడవ ఇరవై రెండో పేజీ దగ్గర.
స్నానాల తొట్టిలో ఆమె.
జారిన రొమ్ములు, పొట్ట మీద మడతలు,
నాభి కింద పాత కుట్ల గీత,
మంచులోంచి పూర్తిగా తిరిగిరాని ఒక మోకాలు.
లండన్ నుంచి సంపాదకురాలు రాసింది:
కొట్లాట ఎంతయినా ఉండనీ,
ఈ ఒళ్లు మాత్రం కాస్త కప్పండి,
నురగ పెంచండి.

పేగుల నాడు గుర్తురాని నురగ!

పెంచలేదు.
ఇక్కడ చేతులు దించమన్నాయి.
కడుపుకోత అనే మాటకి మా భాషలో
రెండు అర్థాలున్నాయని ఫెర్గస్‌కి చెప్పాను.
ఆ గీత రెండుసార్లు దిద్దాను,
ఒకసారి సన్నగా,
ఒకసారి వణుకుతూ.

సిరా ఇంకా ఆరలేదు.
మెట్ల మీద మెయిరీ చెప్పుల చప్పుడు.
తలుపు తీసే ఉంది.
ఈ మోకాలు సరిగ్గా వచ్చిందో లేదో
ఆమెనే అడగాలి.