పద్దెనిమిది అడుగులు

నా వకాల్తా మీద క్లయింటు సంతకం లేదు.
తొమ్మిదేండ్ల పిల్ల సంతకం చెల్లదు,
అందుకని కోర్టే నన్ను పెట్టింది.
ఫైల్ల ఆమె పేరు ‘మైనర్’.
బడిల లిఖిత.

సుబేదారి కోర్టు వరండాల
అటు బెంచీ మీద అమ్మ, వకీలు, పరకాల నుంచి వచ్చిన మేనమామలు.
ఇటు బెంచీ మీద నాన్న, వకీలు, కొత్తవాడ మేనత్త,
ఆమె కొంగుకు ఇంకా జంపఖానా నూలుపోగులు.
నడుమ నీళ్ల క్యాను.
దాని పక్కన మేమిద్దరం.

అమ్మ పిటిషన్ల ఇరవై రెండు పేరాలు.
నాన్న కౌంటర్ల ముప్పై ఒకటి.
రెండూ పిల్ల క్షేమం కోసమే.
గేటు ముందటి ఒక్క టైపిస్టే కొట్టినట్టుంది,
రెండిట్లనూ ‘క్షేమం’కు వత్తు పోయింది.

ఎవరి దగ్గర ఉంటవు అని నేను అడగలేదు.
పోలీసులు అడిగిండ్రు, కౌన్సిలరమ్మ అడిగింది,
పక్కింటోళ్లు చాక్లెట్ ఇచ్చి మరీ అడిగిండ్రు.
నీకేం కావాలె బిడ్డా అన్న.
క్యాను నల్లా తిప్పింది, మూసింది, మళ్ల తిప్పింది.
చానాసేపటికి బస్టాండు ముచ్చట తీసింది.

రెండో శనివారం, నాలుగో శనివారం
హన్మకొండ బస్టాండుల పరకాల బస్సు ఆగే కాడ
నాన్న పిల్లర్ దగ్గర ఆగుతడు.
అమ్మ మక్కకంకుల బండి దగ్గర ఆగుతది.
అంతకు ముందుకు ఎవరూ రారు.
“బ్యాగు పట్టుకొని నేనొక్కదాన్నే నడుస్త మేడం.
పద్దెనిమిది అడుగులు.
వాన పడితే ఇరవై ఒకటి, గుంత సుట్టు తిరిగి పోవాలె.
తొమ్మిదో అడుగు కాడ ఎవరి దిక్కు సూసినా
ఇంకొకరి మొకం మాడిపోతది.
ఎవలన్న నా తోటి నడవాలె.
గంతే.”

రాత్రి కూసొని ప్రార్థన రాసిన.
పిటిషన్ చివర అడిగేదాన్ని మేం ప్రార్థన అంటం.
పదహారేండ్లుగ రాస్తున్న,
ఇన్నొద్దులు దేవుడు యాదికి రాలే.

జడ్జమ్మ చదివి కండ్లద్దాలు తీసింది.
“ఎన్ని అడుగులు?”
అటు వకీలు లేచి ఇది రికార్డుల లేదన్నడు.
ఇటు వకీలు మొట్టమొదటిసారి
ఆయన మాటకు ఒప్పుకున్నడు.
వాయిదా పన్నెండో తారీఖు.

గేటు దాక నేనూ లిఖితా కలిసే నడిచినం.
పెదవులు కదులుతున్నయి.
“ఎన్నయినయి?” అన్న.
“ఇవి లెక్కకు రావు మేడం.”

పన్నెండో తారీఖు లోపల
ఇంకొక శనివారం ఉన్నది.