పన్నెండు వోల్టులు

లక్నవరంల ఆఖరి ట్రిప్పు దిగినంక
మొగిలి వైరు గుంజుకొస్తడు
గట్టు మీది బోర్డు కాన్నుంచి పడవ కడుపులకు.

రెండొందల ముప్పై వోల్టులు
ఉన్నదున్నట్టు పోస్తే
పంపూ, లైట్లూ, వాకీటాకీ మాడి మసే.
నడుమ చార్జరు డబ్బ కూసుంటది,
ఉడుకు గట్కను ఊది ఊది పెట్టినట్టు
పన్నెండు పన్నెండుగ తినవెడ్తది.

ప్లగ్గు పెట్టేముందు
తడి చేతులు లుంగీకి రెండుసార్లు తుడుస్తడు.
పోయినేడు ఒక్కసారే తుడిచిండు,
మోచేతి దాక ఇంకా తిమ్మిరే.

అర్ధరాత్రి ముసురు. కరెంటు పోయింది.
గట్టంతా, కాటేజీలంతా, తీగల వంతెనంతా
గుడ్డిచీకటి.
పడవల మాత్రం
బొటనేలంత బల్బు.
అడుగున ఊరిన నీళ్లను
పంపు బుడుక్కు బుడుక్కుమని కక్కుతున్నది,
సాయంత్రం తిన్నదాన్నే ఖర్చుపెట్టుకుంట.

మొగిలి చాప చుట్టుకొని
పడవలకు దిగిండు:
"జెర జరుగవే."