ఉకారమంత దూరం

పిల్లగా వచ్చినప్పుడు నల్లగా, గుండ్రంగా,
గుప్పిట్లో మినపగింజలా ఉన్నాడని
మినుము అని పేరు పెట్టింది హిమజ.
ఇప్పుడు అరవై ఎనిమిది కిలోలు.
బల్లరాట్‌లో మా వీధి వీధంతా వాణ్ణి "మినీ" అంటుంది,
నవ్వకుండా.

మొదటి చలికాలం, వెండూరీ చెరువు గట్టున
నల్లహంసను చూసి ఉరికాడు.
తాడు చేతికి చుట్టుకుని ఉన్నాను,
చుట్టుకోకూడదని అప్పటికి తెలీదు.
మంచు పట్టిన గడ్డి మీద బోర్లా పది గజాలు.
మణికట్టు విరిగింది. ఆస్పత్రిలో గాజు కత్తిరించారు.
వాడేమో నీళ్ళలో ఈదుతూ
హంస ఎగిరిపోయిన వైపు కాక
నా వైపే చూస్తున్నాడని చలపతి చెప్పాడు.
నేను నమ్మలేదు.

గ్లెనిస్ దగ్గరకి శిక్షణకి వెళ్ళాం.
పూర్వం గుర్రాల్ని మచ్చిక చేసిన మనిషి,
మోకాళ్ళ దాకా బురద బూట్లు.
కాసేపు నన్ను చూసి అంది:
"కుక్క బాగానే ఉంది. నువ్వే ఎక్కువ మాట్లాడుతున్నావు."
నిజమే.
ఆగరా నాన్నా, ఆగమంటున్నానా, బంగారుకొండవి కదూ,
చెబితే వినవేం, నీకేం పోయేకాలం...
వాడికిదంతా వాన చప్పుడు.
ఒక్క మాట ఏరుకోమంది.
ఆఖర్న తలుపేసినట్టు ముగిసే మాటైతే మంచిదంది.

ఇంటికొచ్చి వెతికాను.
ఆగు. కూచో. వద్దు. చాలు. ఉండు.
ఒక్కటీ తలుపెయ్యదు.
మన మాటలన్నీ చివర ఓ అచ్చు పెట్టి
ఓరవాకిలిగా వదిలేసి పోతాయి.

ఆగు అన్నదే ఉంచుకున్నాను.
రెండేళ్ళు. జేబు నిండా ఉడికించిన కార్జం ముక్కలు,
కోటంతా ఆ వాసన, బస్సులో నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీ.
గుమ్మం దగ్గర ఆగు, గిన్నె ముందు ఆగు,
పోస్టబ్బాయి మోటారుసైకిలు మలుపు తిరిగేదాకా ఆగు.
ఆగేవాడు,
ఎప్పుడూ ఒకడుగు దాటాక.
గకారం దగ్గర కాదు, దాని కొమ్ము కూడా అయిపోయాక.
గ్లెనిస్ తల అడ్డంగా ఊపేది.
నాకు మాత్రం
వాడు మాటని చివరికంటా విన్నట్టుండేది.

పాయసంలో ఎండుద్రాక్ష మానేశాం, వాడికి విషం.
ఉల్లిపాయ ముక్క నేల మీద పడితే ముగ్గురం ఒకేసారి వంగుతాం.
గోడకి, తోక ఎత్తున, ఒక జిడ్డు గీత.
ఎవరైనా ఇంటికొస్తే మంచినీళ్ళకంటే ముందు
చొంగ తుడుచుకోను తువ్వాలిస్తాం.
ఇంతటివాడూ ఉరిమితే స్నానాలతొట్టిలో దూరి
సబ్బు పెట్టెకేసి చూస్తూ కూచుంటాడు.
దువ్వితే రాలిన బొచ్చు సంచులకొద్దీ;
సెప్టెంబరులో మాగ్‌పైలు ముక్కున కరుచుకుపోతాయి.
పెరటి యూకలిప్టస్ మీద ఆ కూనలు
మినుము మీదే పడుకుని పెరుగుతాయి.
తుంటి నొప్పికి మాత్ర ఇడ్లీలో దాచి పెడితే
ఇడ్లీ తిని, మాత్రని కడిగినట్టు
నా పాదం పక్కన పెడతాడు.

తొమ్మిదో ఏడు నడుస్తోంది.
కారెక్కడానికి చలపతి పాత తలుపొకటి వాలుగా బిగించాడు.
రాత్రి లేవలేకపోతే పొట్ట కింద దుప్పటి దూర్చి
చెరో కొసా పట్టి లేపుతాం.
వాడు ఎవరింటికో వచ్చినవాడిలా
గోడ వైపు చూస్తాడు.

ఈ పొద్దున చెరువు దాకా పోలేదు.
మూడో దీపస్తంభం దగ్గర వాడే ఆగాడు.
నేనేం అనలేదు.
తాడు మా మధ్య వదులుగా వేలాడింది.
చూసుకునేసరికి నేనే
ఒకడుగు దాటి ఉన్నాను.

వెనక్కొచ్చి పక్కన నిలబడ్డాను.
గడ్డి మీద తెల్లగా మంచు, వాడి ముక్కు నుంచి పొగ.
ఎవరిదో చిటికెడంత కుక్క
మమ్మల్ని తిడుతూ దాటిపోయింది.