సంతకం బలం

హిమాయత్‌సాగర్ గేట్లెత్తారని
రాత్రి పదకొండుకి ఫోను.
ఈ ఒక్క రాత్రికి నా సంతకానికి చాలా బలం:
ఫంక్షన్ హాలు తాళం పగలగొట్టొచ్చు,
దారిన పోయే బస్సుని ఆపి తీసుకోవచ్చు,
మూసానగర్ మొత్తాన్నీ నిద్రలేపొచ్చు.

జుబేదా బీ మాత్రం
కుట్టుమిషన్ లేకుండా కదలనంది.
"ఇంకా నాలుగు కిస్తీలున్నయి సార్.
మీ కాయితంల దీని పేరుందా?"

లేదు.
మనుషులున్నారు, అదీ అంకెల్లో.

మోకాటిలోతు మూసీలో
మిషన్ తల నా భుజం మీద,
ఇనుప కాళ్లు హోంగార్డు యాదగిరి నెత్తిన.
నా చొక్కా జేబు ఎక్కడో తట్టుకుని చిరిగింది.

తెల్లవారి రిపోర్టు రాస్తుంటే
పెళ్లివేదిక మీద, వెండిరంగు కుర్చీల పక్కన
టకటకటక.
జేబు కుట్టిచ్చి
పది రూపాయలంది.
ఇచ్చాను.