ఉప్పుకి గడి లేదు

గుణుపురం బస్టాండులో
టికెట్ల గది వెనక గోడ మీద
బొగ్గుతో రెండు వరసలు గీసేను.
పైన పిండి, కింద నీళ్ళు.
రెండు తవ్వల చోడిపిండికి ఏడు చెంబులు.
నాలుక్కి పద్నాలుగు.
ఆరుకి ఇరవయ్యొకటి.
ఎనిమిది దగ్గర బొగ్గు విరిగిపోయింది.

అప్పుడు నాకు పన్నెండేళ్ళు.
పాఢీ సారు బడిలో ఒడియాలో
"అనుపాత" అన్న మాట రాయించిన వారం అది.
పాతపట్నంలో చదివే మా బావ పుస్తకంలో
దాని పేరు నిష్పత్తి.
అనుపాతం అంటే అక్కడ
రెండు నిష్పత్తులు ఒకటేనని చెప్పడం.
చెక్‌పోస్టు దాటితే మాటకి కొలత మారిపోతుందని
నాకెవరూ చెప్పలేదు.
రెండు మాటలూ నోట్లో పెట్టుకుని
దాలమ్మ పెద్దమ్మ అంబలి కుండ పక్కన కూర్చునేదాన్ని.

ఆవిడకి అంకెలు రావు.
గరిట పైకెత్తి
జారే తీగ చూసి చెప్పేది,
"చిక్కగుంది, ఇంకో చెంబు ఒంపు" అని.
నా గోడని చూసి నవ్వేది.
"గోడకి ఆకలేస్తాదేటే?"

ఆవేళ సంత.
కొండ దిగిన సవర ఆడవాళ్ళు
చింతపండు గంపలు దించుకుని వరసగా నిలబడ్డారు.
డబ్బా వంచి చూస్తే పిండి ఐదు తవ్వలే.
నాలుక్కీ ఆరుకీ మధ్య
నా పట్టికలో ఐదు లేదు.
"నాలుగు చెంబులు ఎక్కువ పోసీ,
ఎవులడుగుతారు?" అన్నాడు పక్క బడ్డీ గణపతి.
పెద్దమ్మ వాడివైపు చూడలేదు.
నావైపు చూసింది.
"నీ గోడేటంతాది?"

బొగ్గు చేతికి చెమట పట్టింది.
రెండుకి ఏడంటే ఒకటికి మూడున్నర.
నాలుగు, పద్నాలుగుల పక్కన
ఆ ఒకటినీ మూడున్నరనీ కలిపి
ఒక సన్నటి గడి ఇరికించేను.
ఐదుకి పదిహేడున్నర.

పదిహేడు చెంబులు కుండలో పోసి
పద్దెనిమిదోది ముంచి
సగం తను తాగేసి
సగం కుండలో ఒంపి
కొంగుతో మూతి తుడుచుకుంది.
"సరిపోనాదా నీ లెక్క?"

చివర నిలబడ్డ నలుగురికి అందలేదు.
ఉత్త నీళ్ళు తాగి, గంపలెత్తుకుని
సంత వైపు నడిచెళ్ళిపోయారు.
పలచన చెయ్యకపోవడం న్యాయమో కాదో
నాకిప్పటికీ తేలలేదు.

తరవాతి సంతకి
నేనే తెగించి మూడో వరస గీసేను, ఉప్పుకి.
రెండు తవ్వలకి ఒక పిడికెడు,
ఎనిమిదికి నాలుగు.
మూడో పిడికెడు ఇంకా చేతిలో ఉండగానే
మణికట్టు పట్టుకుంది.
"పిండీ నీళ్ళూ నీ మాటింతాయి.
ఉప్పినదు."
ఒక చుక్క నాలిక మీద వేసుకుని
కళ్ళు మూసుకుని
చాలాసేపు ఏమీ చెప్పలేదు.

ఆ గోడకి మూడుసార్లు నీలం రంగు వేశారు.
వానాకాలం చెమ్మకి
బొగ్గు మళ్ళీ పైకి తేలుతుంది.
పిండి వరస, నీళ్ళ వరస,
ఐదు దగ్గర ఆ ఇరుకు గడి.
మూడో వరసలో ఒకే ఒక్క అంకె.
మిగతా చోట
వెడల్పుగా ఒక అరచేతి మరక.