ముగింపుల భాగం

బతూమిలో ముసురు పట్టిందంటే మూడు రోజులు.
ఎతేరి చెప్పుల కొట్టు వెనక గదిలో
రాసుకునేవాళ్లం అయిదుగురం,
ఒక్కటే పుస్తకం:
వాక్యం ఎలా నిలబడుతుందో చెప్పేది.

ముందు ఎవరు చదవాలన్న తగువు తెగక
ఎతేరి తోలు కోసే కత్తి తీసింది.
వెన్ను మీద నాలుగు గాట్లు.
గొదెర్జికి సంభాషణలు,
రేవులో క్రేను నడిపే ఖ్వీచాకి వర్ణనలు,
తనకి పాత్రలు,
నాకు మొదలుపెట్టడం.
పదేళ్లుగా నేను మొదలుపెడుతూనే ఉన్నానని
ఆవిడకి తెలుసు.

రెండో గురువారం గొదెర్జి
"అన్నాడు, అంది. ఇవి చాలట" అని
తన నవల్లోంచి నూట పన్నెండు "గర్జించాడు"లు
పెన్సిలుతో కొట్టేశాడు.
ఆ పేజీలు
మీసం తీసేసిన మేనమామలా
ఎటు చూడాలో తెలియక కూర్చున్నాయి.

ముగింపులు ఇయాకిచ్చాం.
ఇయా మళ్లీ రాలేదు.
కుతాయిసీలో ఉద్యోగమని ఒకరు,
కాదు పెళ్లని ఒకరు.

మూడేళ్లు. మా కథలన్నీ
చివరికొచ్చేసరికి తలుపు వైపు చూస్తాయి.
"అరిగిన చోట ఆపెయ్యండి,
మనిషి బరువు పడేది అక్కడే" అంది ఎతేరి
నోట్లో మేకులతో.
రాసుకున్నాను.
ఏ అధ్యాయంలో దోపాలో తెలియలేదు.

అయిదో కుర్చీ మీద
తడి గొడుగులు పెట్టుకుంటున్నాం.